పోగు కాల్చి చూడందే ‘కాటన్’ వంటింటి గుడ్డలు వాడకండి

ఆన్‌లైన్‌లో ‘ఫ్లోర్ శాక్ టవల్స్’ (పిండి సంచి గుడ్డలు) అని అమ్ముతున్న తెల్లటి పల్చటి గుడ్డలు తెప్పించుకోవాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఊరగాయలకు, వడియాలకు కావాలని ఇప్పుడే ఆర్డర్ పెట్టినవాళ్లు మరీ ముఖ్యంగా.

ఈ రకం గుడ్డ నిజానికి చాలా మంచిది. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో పిండి వచ్చిన నూలు సంచుల్ని పారేయకుండా ఉతికి బట్టలు కుట్టుకున్నారు, వంటింట్లో వాడుకున్నారు. ఆ పేరు అలా వచ్చిందే. మన ఇళ్లలో ఇడ్లీ రేకుల మీద పరవడానికి, ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి, పెరుగు మూటగట్టి వేలాడదీయడానికి, మొలకలకు, కొత్తిమీర చుట్టిపెట్టడానికి ఇంతకన్నా పనికొచ్చేది లేదు. సగ్గుబియ్యం వడియాలు ఎండాక గుడ్డ వెనక నాలుగు నీళ్లు చల్లితే ఇట్టే ఊడొస్తాయి.

నాకు వచ్చిన ప్యాక్ మీద ‘నూరు శాతం కాటన్’ అని పెద్దక్షరాలతో ఉంది. ఉతికి, తడిపి ఇడ్లీ రేకు మీద పరిస్తే నీళ్లు పీల్చలేదు. ఇడ్లీలు గుడ్డకే అంటుకుపోయి ముక్కలయ్యాయి. నేతలో తేడా ఏమో అనుకున్నాం. ఆ తర్వాత మా అత్తయ్య పాలగిన్నె దించుతుంటే గుడ్డ కొస స్టవ్ మంటకు తగిలింది. తగిలినంత మేరా ముడుచుకుపోయి, కరిగి, నల్లటి పూసలా గట్టిపడింది. ఒక చుక్క గిన్నె అంచుకు అతుక్కుంటే చాకుతో గీకాల్సి వచ్చింది. అది ఆమె వేలి మీద పడి ఉంటే? కరిగిన పాలిస్టర్ చర్మాన్ని పట్టుకుని వదలదు, గాయం లోతుగా దిగుతుంది. డబ్బు సంగతి తర్వాత, నా టెన్షనంతా దీని గురించే.

అందుకే ప్యాక్ విప్పగానే, ఉతకకముందే, పడుగు (నిలువు దారాలు) నుంచి ఒక పోగు, పేక (అడ్డ దారాలు) నుంచి ఒక పోగు లాగండి. సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ అయితే గట్టి పూస మిగులుతుంది. రెండు పోగులూ చూడాలి, ఒకవైపు నూలు, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసేవీ ఉంటాయి. నీటి చుక్క వేసి చూడటాన్ని మాత్రం కొత్త గుడ్డ విషయంలో నమ్మకండి, గంజి ఉంటే అసలు నూలు కూడా మొదట్లో పీల్చదు.

అమ్మినవాళ్లు ‘ఉతికిన సరుకు వెనక్కి తీసుకోం’ అనేశారు. ప్యాక్ ఫొటో, బిల్లు దాచిపెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరూ అవి పారేయకండి.

నెల్లూరులో ఉన్నవాళ్లయితే చిన్నబజారులో మీటర్ లెక్కన కోరా (చలువ చేయని) మల్లు గుడ్డ అడగండి, కొట్లోనే పోగు లాగి చూసుకోవచ్చు. మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది కాబట్టి ఒక జానెడు ఎక్కువే కోయించుకోండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పీల్చే గుణం తగ్గిపోతుంది.