నాన్నగారి బృహద్ధమని కవాట మార్పిడి: ఆసుపత్రి సేవపై నా అభిప్రాయం

78 ఏళ్ల మా నాన్నగారికి గత వేసవిలో హైదరాబాద్‌లోని ఒక గుండె ఆసుపత్రిలో, తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి బృహద్ధమని కవాటాన్ని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తాన్ని వదిలే తలుపులాంటి భాగాన్ని, మార్చారు. ఛాతీ కోయకుండా చేసే ఈ పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లోని రువాన్ నగరంలో అలాన్ క్రిబియే అనే వైద్యుడు తొలిసారి మనిషికి చేశారు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది వైద్యుడు ఓపికగా వివరించిన తీరు. 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు ఉండవలసిన కవాట ద్వారం 1 కంటే తగ్గిపోయినప్పుడు, ఆ ఇరుకులోంచి దూసుకువచ్చే రక్తపు ఒరిపిడికి, గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ అనే పెద్ద ప్రోటీను ముక్కలవుతుందనీ, పేగుల్లో పెళుసైన రక్తనాళాలున్నవారికి అందువల్లే రక్తస్రావం కావచ్చనీ, కవాటం మారితే ఆ ప్రోటీను త్వరగానే కోలుకుంటుందనీ ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రెండేళ్లుగా అంతుపట్టని నాన్నగారి రక్తహీనతకు కారణం మాకు అప్పుడే తెలిసింది. రక్తనాళాల లోపలి పొర పనితీరు చాలామందిలో మెరుగుపడుతుందనీ, వయసుతో గట్టిపడిన ధమనులు మాత్రం మళ్లీ మెత్తబడవనీ, అడ్డు తొలగాక కొందరిలో బీపీ పెరగవచ్చనీ దాచకుండా చెప్పారు.

బాధ కలిగించిన విషయం ఒకటుంది. ఆ బీపీ హెచ్చరిక డిశ్చార్జి కాగితంలో లేదు. మూడో వారంలో బీపీ 170 దాటితే రెండు రోజులపాటు ఆసుపత్రి ఫోన్‌కు ఎవరూ పలకలేదు. చివరికి మా ఊరి డాక్టరుగారే మందు సరిచేశారు. ఇంత ఖరీదైన చికిత్స తరువాత ఇంట్లో బీపీ ఎలా చూసుకోవాలో ఒక పేజీ రాసి ఇవ్వడం వారి బాధ్యత. అందుకే ఐదుకు నాలుగు ఇస్తున్నాను. నాన్నగారి హిమోగ్లోబిన్ ఇప్పుడు 8 నుంచి 12కు చేరింది.