సూర్య నమస్కారాలా, బస్కీలా? ఇంట్లో వ్యాయామం మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు?

సంక్రాంతికి రాజమండ్రి వెళ్లినప్పుడు మా అక్క నన్ను కూర్చోబెట్టి అడిగింది. "ఒరేయ్, ఏదో ఒకటే చెప్పు. పొద్దున్న నాకు దొరికేది ఇరవై నిమిషాలు. సూర్య నమస్కారాలు చెయ్యనా, నువ్వు చేసే ఆ బస్కీలు తియ్యనా?"

అక్కకి 46 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పీట మీద నుంచి లేవాలంటే నేలకు చెయ్యి ఆనించాల్సిందే. అంతకు ముందు ఏడాది రథసప్తమి నాడు అపార్ట్‌మెంట్ మేడ మీద అందరితో కలిసి ఒకేసారి 24 నమస్కారాలు చేసింది. మర్నాడు మెట్లు దిగలేకపోయింది. నొప్పులు నాలుగు రోజుల్లో పోయాయి, కానీ మళ్లీ చాప పరచలేదు.

నేను చెప్పింది ఇది: మొదటి రెండు నెలలు మోకాళ్లు వంచి కూర్చుని లేచే బస్కీలు, గోడకు చేతులు ఆనించి తీసే పుషప్స్. సూర్య నమస్కారాలు ఆ తర్వాత. నమస్కారాల మీద నాకు గౌరవం లేక కాదు, రోజూ చేస్తాను కూడా. ఒళ్లు బిగుసుకుపోయినవాళ్లు ముందు ఏది చేయాలన్నదే ఇక్కడ ప్రశ్న.

సూర్య నమస్కారాల్లో మంచి చాలా ఉంది. వస్తువులేమీ అక్కర్లేదు, చాప పట్టేంత చోటు చాలు. పన్నెండు భంగిమల్లో వెన్ను ముందుకీ వెనక్కీ వంగుతుంది, భుజాలు, తుంటి కీళ్లు కదులుతాయి, ఊపిరి ఒక లయలో పడుతుంది. కాస్త వేగంగా చేస్తే గుండెకూ పని దొరుకుతుంది. చిక్కల్లా పాదహస్తాసనం దగ్గర, అంటే నిలబడి ముందుకు వంగి చేతులు పాదాల పక్కన ఆనించే భంగిమ దగ్గర. తొడ వెనుక కండరాలు బిగుసుకున్న మనిషి వేళ్లు నేలకు తగలాలని వంగితే, వంగేది తుంటి దగ్గర కాదు, నడుము దగ్గర. పైగా రాత్రంతా పడుకుని లేచాక వెన్నుపూసల మధ్య డిస్కుల్లో నీరు ఎక్కువగా ఉంటుంది. లేచిన మొదటి గంటలో ముందుకు బాగా వంగితే వాటి మీద ఒత్తిడి మామూలు కంటే ఎక్కువ పడుతుంది. మనం నమస్కారాలు చేసేది సరిగ్గా ఆ వేళలోనే.

రెండో ఇబ్బంది చేతులది. మోకాళ్లు, ఛాతీ, గడ్డం నేలకు ఆనించే అష్టాంగ నమస్కారంలోకి మెల్లగా దిగాలంటే చేతుల్లో, ఛాతీలో కొంత బలం ఉండాలి. అది లేనివాళ్లు దభీమని కిందికి వాలిపోతారు, ఆ దెబ్బ మణికట్లు, భుజాలు భరించాలి. ఇలాంటివాళ్లకు తేలిక మెట్టు ఏదీ అని అడిగితే, నమస్కారాలు నేర్పేచోట చాలామంది చెప్పేది సంఖ్య తగ్గించుకోమనే. సంఖ్య తగ్గినంత మాత్రాన భంగిమ తేలికవదు కదా. బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, గర్భిణులు తల కిందికి వంచే భంగిమలు మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి.

ఇక బస్కీలు. ఇప్పుడు స్క్వాట్స్ అంటున్నది వీటినే. కోడి రామ్మూర్తి నాయుడు లాంటి మల్లయోధులు పుట్టిన నేల మనది. దండీలు (పుషప్స్ లాంటివి), బస్కీలు మన తాలింఖానాల్లో, అంటే కసరత్తు శాలల్లో, పాత మాటలే. వీటిలో నాకు నచ్చేది ఒక్కటి: ఎంత బలహీనంగా ఉన్నవాళ్లకైనా వాళ్లకు తగ్గ మెట్టు దొరుకుతుంది. బస్కీకి వెనకాల కుర్చీ వేసుకోవచ్చు. తర్వాత కుర్చీ బదులు పొట్టి స్టూలు, ఆ తర్వాత ఏదీ లేకుండా. పుషప్ ముందు గోడకు, తర్వాత వంటగది గట్టుకు, చివరికి నేల మీద. పడే బరువు కొంచెం కొంచెంగా పెరుగుతుంది, ఒళ్లు దానికి అలవాటు పడుతుంది.

ఆ సాయంత్రమే హాల్లో కుర్చీ వేసి అక్కని నిలబెట్టాను. మొదటి బస్కీలోనే మోకాళ్లు రెండూ లోపలికి ముడుచుకున్నాయి, మడమలు లేచాయి. "అక్కా, పాదాలు ఇంకాస్త ఎడంగా పెట్టు. మోకాళ్లని చిటికెన వేళ్ల వైపుకి తోయి" అన్నాను. చేతులు ముందుకు చాచి, కుర్చీ అంచు తగిలీ తగలగానే లేవమన్నాను. మూడోసారికి మడమలు నేల మీద నిలిచాయి. ఎనిమిది తీసింది. చివరి రెండూ వణుకుతూ, మెల్లగా. అలా ఇంకో రెండు తీసే ఓపిక మిగిలి ఉండగానే ఆపెయ్యమన్నాను. నిమిషం ఆగి మళ్లీ ఎనిమిది, మళ్లీ ఎనిమిది. గోడ పుషప్స్ కూడా అదే లెక్క.

బస్కీల్లో, పుషప్స్‌లో లేనిది ఒకటుంది, వెనక్కి లాగే పని. నమస్కారాల్లోనూ అది లేదు. కంప్యూటర్ ముందు వంగిపోయిన భుజాలకు అది చాలా అవసరం. దానికి గుడ్డ సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు పెట్టాం, అంటే నాలుగు కిలోలు. ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి, నడుము వంకర పోకుండా తుంటి దగ్గర వంగి, రెండో చేత్తో సంచిని నడుము దాకా లాగడమే. ఒక్కో చేతికి పది.

ఇందులో ఏది ఎంచుకున్నా ముందు ఒళ్లు వేడెక్కాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. లేచీ లేవగానే కాలు గట్టు మీద పెట్టి సాగదీయడమే వార్మప్ అనుకుంటారు. వార్మప్ వేరు, స్ట్రెచింగ్ వేరు. మొదటిది కదలిక, రెండోది నిలిపి ఉంచడం. అయిదు నిమిషాలు నిలబడ్డ చోటే అడుగులు వేయండి, మోకాళ్లు ఎత్తండి, చేతులు గుండ్రంగా తిప్పండి, చివర్లో సగం దాకా దిగే బస్కీలు ఓ పది తీయండి. నుదురు కాస్త తడవాలి, అయినా మాట్లాడగలిగేలా ఉండాలి. వ్యాయామానికి ముందు ఒకే కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే కాసేపు దాని బలం కొంచెం తగ్గుతుంది కూడా. అందుకే సాగదీయడం చివర్లో పెట్టుకోమంటాను, అప్పుడు కండరాలు వెచ్చగా ఉంటాయి, సాగుతాయి.

ఆ చివరి నాలుగు నిమిషాల్లో మూడు చోట్లు చాలు. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు నొక్కితే పిక్క సాగుతుంది. మడమని పొట్టి పీట మీద పెట్టి, వీపు నిటారుగా ఉంచి కొంచెం ముందుకు వంగితే తొడ వెనుక భాగం. తలుపు చట్రానికి మోచేతులు ఆనించి ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీ. ఒక్కోటి అర నిమిషం. ఊపకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. అయితే స్ట్రెచింగ్ చేశాం కదా, మర్నాడు నొప్పులు రావని అనుకోవద్దు. కొత్త పనికి కండరం ఒకటి రెండు రోజులు నొప్పి పెట్టడం మామూలే, దానంతట అదే తగ్గుతుంది. కీలులో పోటు, కాలు కిందికి పాకే తిమ్మిరి మాత్రం అలాంటివి కావు. అవి వస్తే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బస్కీలు రెండో లెక్కలోకి నేరుగా వస్తాయి, మొదటిది నడకతో పూర్తి చేసుకోవచ్చు. అక్కకి సోమ, బుధ, శుక్రవారాలు బస్కీలు, మిగతా రోజుల్లో గోదావరి గట్టు మీద చురుకైన నడక అని రాసిచ్చాను.

అందరికీ ఇదే వరస అనను. ఇప్పటికీ నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేసి, చెయ్యి ఆనించకుండా లేచేవాళ్లు నేరుగా సూర్య నమస్కారాలతో మొదలుపెట్టొచ్చు. లెక్కలు, రౌండ్లు అంటే విసుగొచ్చి, ఊపిరి మీద ధ్యాస పెడితేనే మనసు కుదురుకునేవాళ్లకు కూడా అవే మేలు. ఎందుకంటే వాళ్లు బస్కీలు పది రోజుల్లో మానేస్తారు.

ఉగాదికి వెళ్లేసరికి అక్క పొట్టి స్టూలు దాకా దిగి పన్నెండు తీస్తోంది. అప్పుడు నమస్కారాలు మళ్లీ కలిపాం, బస్కీలు లేని రోజుల్లో, లేచిన గంట తర్వాత. మొదటి వారం మూడే. ఒక్కోటి నిమిషం పట్టేలా మెల్లగా. పాదహస్తాసనంలో మోకాళ్లు మడిచే ఉంచమన్నాను. అష్టాంగంలో ముందు మోకాళ్లు, తర్వాత ఛాతీ ఆనించమన్నాను. ఇప్పుడు ఏడు చేస్తోంది.