స్టెంట్ స్టిక్కర్ చేతికి రాకుండా బిల్లు కట్టకండి – బెంగళూరులో మాకు జరిగింది

నిన్న సాయంత్రమే నాన్నను డిశ్చార్జ్ చేయించుకొచ్చాను. రాత్రంతా నిద్ర లేదు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే మదనపల్లె నుంచి ఇక్కడికి తీసుకొచ్చాను, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) పాజిటివ్ వచ్చింది, యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమో గొట్టం పెట్టి చూసే పరీక్ష) అన్నారు. రింగ్ రోడ్డు మీద పెద్ద ఆసుపత్రి, పేరు రాయను, ఇక్కడి మనవాళ్లు చాలామంది వెళ్లేదే.

అక్కడి కోఆర్డినేటర్ మన తెలుగబ్బాయి. మొదటి రోజు నుంచి "అన్నా, నేనున్నా కదా" అంటూ వెంటే తిరిగాడు. బ్లాక్ ఉంటే స్టెంట్‌తో (మూసుకున్న రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) కలిపి లక్షా అరవై వేలన్నాడు. మన భాష మాట్లాడుతున్నాడని నమ్మేసి కాగితం మీద రాయించుకోలేదు. అది నా తప్పే.

యాంజియోగ్రామ్‌కి నాన్నను క్యాథ్ ల్యాబ్ (ఈ పరీక్ష చేసే గది) లోకి తీసుకెళ్లిన అరగంటకి ఆ అబ్బాయే తలుపు సగం తెరుచుకుని వచ్చి, "అన్నా, రెండు బ్లాకులున్నాయి, ఇప్పుడు వేయకపోతే మళ్లీ ఇంకోసారి గొట్టం పెట్టాలి, దానికి వేరే చార్జీ" అని పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు. తలుపు సందులోంచి నాన్న పాదాలు కనబడుతున్నాయి. ఏ రక్తనాళం, ఎంత శాతం అని కూడా అడక్కుండా సంతకం పెట్టేశాను. గుండెపోటు వచ్చిన మనిషికైతే ప్రతి నిమిషం ముఖ్యమే, వెంటనే తెరవాల్సిందే. మా నాన్న నడుచుకుంటూ వెళ్లి టేబుల్ ఎక్కాడు. మందులు వాడుతూ, ఆ యాంజియోగ్రామ్ సీడీ ఇంకో డాక్టరుకి చూపించి ఆలోచించుకునే టైమ్ మాకుంది. ఆ మాట ఒక్కరూ చెప్పలేదు.

బిల్లు 3,42,000. స్టెంట్లకు 2017లోనే గరిష్ఠ ధర పెట్టారు, మందు పూత ఉన్నదానికి అప్పట్లో 29,600, తర్వాత మారుతూ వస్తోంది. అందుకే వాటి రేటు సరిగ్గానే వేశారు. మిగతాదంతా రక్తనాళంలోకి పంపే సామాన్లే: బెలూన్లు నాలుగు, గైడ్‌వైర్లు మూడు, క్యాథెటర్లు, "ఇతర కన్స్యూమబుల్స్". వీటికి అలాంటి గరిష్ఠ ధర లేదు.

అసలు బాధ అది కాదు. బిల్లులో "స్టెంట్ – 2" అని మాత్రమే ఉంది. బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు వేయాలన్నది రూలు. ఆ వివరాలుండే స్టెంట్ డబ్బా మీది స్టిక్కర్లు అడిగాను. అప్పటిదాకా అన్నా అన్నవాడు, "సార్, స్టెంట్ గుండెలో ఉంది, తీసి చూపించమంటారా?" అన్నాడు. నాన్న పక్కనే వీల్‌చైర్‌లో ఉన్నాడు, మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. అంతా విన్నాడు. నా చొక్కా అంచు పట్టుకుని, "పోనీలేరా, కట్టేయ్, పోదాం" అన్నాడు. ఆ మాట మింగుడు పడటం లేదు. రేపు మళ్లీ బ్లాక్ వచ్చి వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, లోపల ఏముందని చెప్పాలి మేము?

గొంతు పెంచాక ఒక స్టిక్కర్ ఇచ్చారు. రెండోది మెయిల్ చేస్తామన్నారు, ఇంతవరకూ రాలేదు.

మీరెవరైనా వెళ్తుంటే బెలూన్లు, వైర్లతో సహా ఎస్టిమేట్ ముందే కాగితం మీద తీసుకోండి. ఎమర్జెన్సీ కాకపోతే యాంజియోగ్రామ్ వరకే సంతకం పెట్టి, సీడీ తీసుకుని బయటకొచ్చేయండి, ఇదే ఊళ్లో ప్రభుత్వ జయదేవ ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించండి. స్టెంట్ ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం, ఆసుపత్రి మీద కోపంతో రక్తం పలచబడే మాత్రలు ఆపకండి, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది.

మందులు, స్టెంట్ల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏకి ఫిర్యాదు రాస్తున్నాను. రెండో స్టిక్కర్ కోసం రేపు పొద్దున మళ్లీ వెళ్తున్నాను.