షంట్ వాల్వు మంచిదే, ఎమ్మారై తీశాక మాత్రం చూపించుకోండి

మెదడులో నీరు చేరినవాళ్ల ఇళ్లలో షంట్ (ఆ నీటిని కడుపులోకి దించే గొట్టం) గురించి కొత్తగా చెప్పే పని లేదు. నీరు ఎంత దిగాలో అదుపుచేసేది అందులోని వాల్వు; బాపుకు వేసింది బయటి నుంచే అయస్కాంతంతో ప్రెషర్ మార్చే రకం. 0.5 నుంచి 2.5 దాకా ఐదు మెట్లు, నంబరు తగ్గితే నీరు ఎక్కువ దిగుతుంది. మళ్లీ ఆపరేషన్ లేకుండా మార్చుకోవచ్చన్న ఒక్క సౌకర్యానికే దీన్ని అడిగినవాళ్లందరికీ మెచ్చుకుంటూ వచ్చాను. 2.0 నుంచి 1.5కు దించాక, కాళ్లు నేలకు అంటుకుపోయినట్టుండే నడక సాఫీ అయింది. మూత్రం కూడా ఆపుకోగలిగాడు.

నడుము నొప్పికని ఎమ్మారై తీయించాకే తెలిసింది అసలు సంగతి. షంట్ ఉందని ముందే చెప్పాం, "ఏం కాదు, తీయొచ్చు" అన్నారు. తీయొచ్చు, నిజమే. కానీ తీశాక సెట్టింగు చూపించుకోవాలని ఒక్కరూ చెప్పలేదు. వాల్వు లోపలి చిన్న అయస్కాంతం మెషిన్‌లో తిరిగిపోయి 0.5 దగ్గర ఆగింది. అంటే అన్నిటికన్నా తక్కువ ప్రెషర్, నిలబడితే చాలు నీరు అవసరానికి మించి కడుపులోకి దిగిపోతుంది. లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే తగ్గేది. ఇక్కడ బీపీ అన్నారు, గ్యాస్ అన్నారు. షంట్ మూసుకుపోతే వచ్చే నొప్పి సాధారణంగా దీనికి తలకిందులు: పడుకున్నప్పుడు, తెల్లవారుజామున ఎక్కువ, వాంతులు, మగత. ఈ తేడా ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. సీటీలో పుర్రెకూ మెదడుకూ మధ్య రెండు పక్కలా పలుచగా నీరు కనిపించింది. అశ్రద్ధ చేస్తే అక్కడి రక్తనాళాలు సాగి తెగి రక్తం చేరవచ్చు. 2.5కు పెంచాక అది మెల్లగా ఇంకిపోయింది, కోత అవసరం పడలేదు.

ఆపద తెచ్చింది ఆ అయస్కాంతమే, గట్టెక్కించిందీ అదే. కాకపోతే సెట్టింగు చూసి మార్చే పరికరం మాకు హనుమకొండలో దొరకలేదు, హైదరాబాద్ దాకా దాదాపు 150 కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. అందుకే ఎమ్మారైకి డేటు తీసుకునే ముందే న్యూరోసర్జన్ అపాయింట్‌మెంటు అదే రోజుకు పెట్టుకోండి. వాల్వు మోడల్, ఇప్పటి నంబరు రాసిన కార్డు జేబులో ఉండాలి. ఫోన్, హెడ్‌ఫోన్ వాల్వుకు కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, వాల్వు లేని పక్క చెవికి పెట్టుకుంటే సరి.

3 టెస్లా (బలమైన అయస్కాంతం ఉన్న) ఎమ్మారైలోనూ కదలకుండా లాక్ పడే వాల్వులు ఇప్పుడు ఉన్నాయి. ఈరోజు వేయించాల్సి వస్తే, డబ్బు సర్దుబాటైతే, బాపు వయసువాళ్లకు అదే అడుగుతాను. పసిపిల్లల సంగతి వేరు: ఉగాండాలో 195 మంది పిల్లలపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో మన దేశపు చవక ఛాబ్రా షంట్ ఏడాది ఫలితాల్లో ఖరీదైనదానికి తీసిపోలేదు. హైదరాబాద్‌కు మాటిమాటికి తిరగలేని కుటుంబాలు మారని ప్రెషర్ వాల్వు గురించి కూడా డాక్టరును అడగండి.