కొబ్బరితోటలో విల్లు: మూడేళ్ల సభ్యత్వం తరువాత

పాలకొల్లు దగ్గర మా ఊరి విలువిద్య క్లబ్బులో నేను చేరి మూడేళ్లు దాటింది. చేరాలా వద్దా అని నన్ను అడిగేవారిలో ఎక్కువమంది నలభై ఏళ్లు పైబడినవారు, పిల్లలను దింపడానికి వచ్చి గట్టు మీద నిలబడి చూసేవారు. నేనూ అక్కడే నిలబడి మొదలుపెట్టినదాన్ని కనుక వారి కోసమే ఇది రాస్తున్నాను.

మొదటి నెల విల్లు చేతికి ఇవ్వరు. రబ్బరు పట్టీని లాగిస్తూ, భుజం ఎక్కడ నిలవాలో, లాగిన చేయి గడ్డం కింద ప్రతిసారీ ఒకే చోట ఎలా ఆనాలో నేర్పుతారు. ఆ తరువాత 18 పౌండ్ల (ఇది విల్లు బరువు కాదు, నారిని లాగడానికి పట్టే బలం) రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకు వంగిన విల్లు, ఇచ్చి 10 మీటర్ల దూరంలో నిలబెడతారు. నేను అక్కడే నాలుగు నెలలు ఉండిపోయాను; ఒక్కరూ తొందరపెట్టలేదు. ఈ క్లబ్బులో నాకు అన్నిటికంటే విలువైనది ఈ ఓపికే. అంతకుముందు పట్నంలో ఒక శిక్షణ కేంద్రానికి వెళితే మొదటి రోజే 28 పౌండ్ల విల్లు చేతిలో పెట్టారు. వింటినారి ముంజేతిని కొట్టి, కమిలిన మచ్చ పది రోజులు ఉంది. ఇక్కడి కోచ్ గారు ఆ మచ్చను చూడగానే, "మోచేతి చిప్ప నేలను చూస్తోందమ్మా, పక్కకు తిప్పండి" అని తన చేయి చాచి చూపించారు. నేను అలా తిప్పిన తరువాత నారి మళ్లీ తగలలేదు.

జాగ్రత్తల విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. రెండు ఈలలకు గీత దగ్గరకు రావాలి, ఒక ఈలకు బాణం వేయాలి, మూడు ఈలలకు అందరమూ కలిసి బాణాలు తెచ్చుకోవాలి. బాణం ఎక్కించకుండా నారిని లాగి వదిలితే విల్లు విరిగే ప్రమాదం ఉందని పదేళ్ల పిల్లలు సైతం పెద్దలకు గుర్తుచేస్తారు. గుచ్చుకున్న బాణాన్ని లాగేటప్పుడు ఒక అరచేతిని లక్ష్యానికి ఆనించి, వెనుక ఎవరూ లేరని చూసుకున్నాకే లాగుతాము.

ఇక ఇబ్బందుల సంగతి. ఏడాదిలో ఎక్కువ కాలం మాకు ఉన్నది కొబ్బరితోటలో 30 మీటర్ల జాగా మాత్రమే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, ఏప్రిల్ నెలాఖరు నుంచి కాలువలకు నీళ్లు వదిలే జూన్ దాకా, పక్కనున్న చేను ఖాళీగా ఉంటుంది. ఒలింపిక్ దూరమైన 70 మీటర్లు వేసే యువకులకు అదే ఏకైక అవకాశం. అప్పుడు సముద్రపు గాలి లేవకముందే, అంటే తెల్లవారుజామునే, రావాలి. గురి తప్పిన బాణం మోళ్ల మధ్య గడ్డి కిందకు దూరిపోతుంది కాబట్టి అందరమూ వరుసగా నడుస్తూ పాదాలతో తడిమి వెతుకుతాము. ఈ వెతుకులాటలోనే నాకు ఇక్కడి స్నేహాలన్నీ కుదిరాయి. వానాకాలం మాత్రం నిజంగా కష్టం: వరిగడ్డితో చుట్టిన లక్ష్యాలు తడిసి మెత్తబడతాయి, బాణాలు వాటిని చీల్చుకుని అవతలికి పోతాయి, తుపాను హెచ్చరిక వస్తే వారం రోజులు తాళమే. నెలకు 500 రూపాయల రుసుము ఆ వారాలకూ కట్టవలసిందే. ఇది సరికాదని సమావేశంలో చెప్పాను, ఇప్పటికీ అదే అంటాను.

విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన తరువాత పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఆమెది కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలు ఉండేది. అలాంటిది మా దగ్గర ఒక్కటే ఉంది, ఎడమచేతివాటం వారికి సరిపడే విల్లులు రెండే. అందుచేత సొంత విల్లు కొనాలని అందరికీ అనిపిస్తుంది గాని, కనీసం ఏడాది ఆగమని నా సలహా, ఎందుకంటే భుజాలకు బలం వచ్చేకొద్దీ పౌండ్లు మారుతాయి.

చేరదలచినవారు మార్చిలో చేరండి. రబ్బరు పట్టీ నెల పూర్తయ్యేసరికి కోతలు మొదలవుతాయి, చేను ఖాళీ అయ్యేనాటికి మీ చేతిలో విల్లు ఉంటుంది.