రోమ్‌లో మూడు రోజులు, 'రోమన్ హాలిడే' వెంట

మా అక్కకు ఆడ్రీ హెప్‌బర్న్ అంటే ప్రాణం. "కొలోసియం ఎక్కడికీ పోదురా, ముందు సినిమా తీసిన చోట్లు చూద్దాం" అని ప్లానంతా తనే వేసింది. ఆ సినిమా 'రోమన్ హాలిడే', 1953లో విడుదలైంది. రోమ్‌కి వచ్చిన రాకుమారి (హెప్‌బర్న్) ఎవరికీ చెప్పకుండా బయటపడి, ఒక విలేఖరితో (గ్రెగరీ పెక్) ఊరు తిరిగే కథ. హాలీవుడ్‌లో సెట్లు వేయకుండా రోమ్‌లోనే తీయాలని దర్శకుడు విలియం వైలర్ పట్టుబట్టాడు కాబట్టే ఇవాళ మనం ఆ వీధుల్లో తిరగగలుగుతున్నాం.

బస టెర్మిని స్టేషన్ పక్కన, నాలుగో అంతస్తులో. లిఫ్ట్‌లో మనిషైనా పట్టాలి, సూట్‌కేసైనా పట్టాలి. జూలై ఎండకు ఏసీ చేతులెత్తేసింది. సిటీ ట్యాక్స్ ఖాళీ చేసే రోజు విడిగా కట్టమన్నారు. మెట్రో దగ్గర అన్నది తప్ప ఆ గదిలో మెచ్చుకోడానికి ఏమీ లేదు. 1952 ఎండాకాలంలో ఈ ఉక్కలోనే సినిమా తీశారని అక్క ఓదార్చింది.

మొదట 'సత్యం పలికే నోరు'. సాంతా మారియా ఇన్ కోస్మెదిన్ చర్చి వసారాలో ఉన్న పెద్ద పాలరాతి ముఖం అది. అబద్ధాలకోరు చెయ్యి పెడితే కొరికేస్తుందట. నలభై నిమిషాలు లైన్లో నిలబడితే ఒక్క ఫొటోకి టైమిచ్చారు. ఆ లైన్లోనే అక్క అసలు కథ చెప్పింది. ఈ సీన్లో పెక్ హెప్‌బర్న్‌కి ముందుగా చెప్పకుండా, ఆ నోట్లో పెట్టిన తన చెయ్యిని కోటు స్లీవ్‌లోకి ముడిచేసి, తెగిపోయినట్టు బయటికి లాగాడు. ఆమె కేక నటన కాదు, నిజంగా హడలిపోయింది. ఒకే షాట్‌ని పదేపదే తీయించే వైలర్ ఇక్కడ మొదటి టేకే ఉంచేశాడు. కథ బాగుంది, లైనే దండగ. చూడాలనుంటే పొద్దున్నే వెళ్లండి.

స్పానిష్ మెట్ల మీద హీరోయిన్‌లా కూర్చుని ఐస్‌క్రీమ్ తిందామనుకుంటే కుదరదు. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం. అక్క ఇలా ఆనిందో లేదో పోలీసు విజిల్ వేశాడు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే మార్గుట్టా వీధి. 51వ నంబరు ఇల్లే సినిమాలో హీరో ఉండేది. గేటు దగ్గర్నుంచి చూసి వచ్చేశాం. టికెట్ లేదు, జనం లేరు, గోడలకు తీగలు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ వీధే.

అక్కడే కాఫీ తాగుతూ ట్రంబో సంగతి వచ్చింది. కమ్యూనిస్టు ముద్రతో బ్లాక్‌లిస్టులో, అంటే హాలీవుడ్ పని ఇవ్వకుండా పక్కన పెట్టిన వాళ్ల జాబితాలో ఉన్న రచయిత డాల్టన్ ట్రంబో రాసిన కథ ఇది. తెర మీద మాత్రం స్నేహితుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ పేరు పడింది. ఆస్కార్ కూడా ఆయనకే వెళ్లింది. ట్రంబో 1976లో పోయాడు. 1993లో గానీ ఆ అవార్డు ఆయన పేరు మీద ఇవ్వలేదు. కడుపుబ్బ నవ్వించే సినిమా వెనక ఇంత అన్యాయమా అనిపించింది.

ఆఖరి రోజు, శనివారం పొద్దున, కొలోన్నా ప్యాలెస్. వారంలో అన్ని రోజులూ తెరవరు, ముందే చూసుకుని వెళ్లాలి. టికెట్ కాస్త ఎక్కువే అయినా నేను మళ్లీ కొంటాను. చివర్లో రాకుమారి విలేఖరులను కలిసేది ఈ హాల్లోనే. ఆ సీన్లో కనిపించే విలేఖరుల్లో చాలామంది నిజం విలేఖరులే. సినిమా నలుపు తెలుపుల్లో ఉండటంతో ఈ పైకప్పు మీది రంగుల బొమ్మలు, బంగారు పూత మాకు తెలియనే లేదు.

అందరూ వెళ్లాక పెక్ ఒంటరిగా నడిచొచ్చే దారి అదే. అక్క ఫోన్ సంచిలో పెట్టేసి ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా నడిచింది. నేను వీడియో తీద్దామనుకుని మానేశాను.