నేవీ డేకి వైజాగ్ వెళ్తే బీచ్ పక్క లాడ్జి వద్దు

2022 డిసెంబరు 4న ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూద్దామని రాజమండ్రి నుంచి నలుగురం వెళ్ళాం. ముందు లాడ్జి సంగతి చెప్పాలి. ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఫోన్‌లో రోజుకి 1,800 అన్నారు, సముద్రం కనిపించే గది అన్నారు. వెయ్యి అడ్వాన్సు పంపించాం. శనివారం వెళ్ళేసరికి కౌంటర్లో కుర్రాడు తలైనా ఎత్తకుండా "నేవీ డే రేటండి, 3,500" అన్నాడు. రాష్ట్రపతి గారు వస్తున్నారని ఊళ్ళో గదులు దొరకడం లేదు, అది వాళ్ళకీ తెలుసు. మోకాళ్ళ నొప్పుల అత్తగారిని తీసుకుని ఇంకెక్కడ తిరుగుతాం? రెండు రోజులకి 7,000 కట్టాం. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్ళు ఏడున్నర దాకానే. మా ఆయన గట్టిగా అడిగితే "ఖాళీ చేసెయ్యండి, అడ్వాన్సు మాత్రం రాదు" అన్నారు. ఆయన సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మీరు ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు దిగండి, రేటు మెసేజ్‌లో రాయించుకోండి.

ఆ మధ్యాహ్నం బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి చూశాం (సోమవారం సెలవు, గుర్తుంచుకోండి). లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. అత్తగారు బయటే కూర్చున్నారు.

ఆదివారం రెండున్నరకే బయల్దేరాం. బీచ్ పక్కనే ఉన్నాం కదా అనుకుంటే పోలీసులు చుట్టూ తిప్పి పంపారు, కిలోమీటరు పైనే నడిచాం. కుర్చీలు పాసులున్నవాళ్ళకి. మేం ఇసుకలో దుప్పటి పరుచుకున్నాం. మురీ మిక్చర్ పొట్లం 30 రూపాయలు. ఉల్లిపాయ, నిమ్మరసం దండిగా వేసి ఇచ్చాడు, ఆ రెండు రోజుల్లో ఇచ్చిన డబ్బుకి న్యాయం అనిపించింది అదొక్కటే.

హెలికాప్టర్ల నుంచి తాళ్ళు పట్టుకుని నేవీ వాళ్ళ మార్కోస్ కమాండోలు దిగుతుంటే మా చిన్నది నిలబడి కేకలు. సముద్రంలో పేలుడు జరిగినప్పుడు అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు, గాజులు నొక్కుకుపోయేంత గట్టిగా. ఆవిడ పుట్టిల్లు వన్‌టౌన్‌లోనే. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరంలోనే మునిగినప్పుడు, ఆవిడకి పదహారేళ్ళు. "కిటికీలు దడదడలాడాయే. దీపాల్లేవు, అద్దాలకి నల్ల కాగితాలు. మా నాన్న మమ్మల్ని మంచం కిందకి తోసేశారు," అన్నారు. మర్నాటి రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగానే ఈ నేవీ డే. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఆ మంచం కింద రాత్రి సంగతి ఆవిడ నోట నేను వినలేదు.

చీకటి పడ్డాక నేవీ బ్యాండ్ వాయించింది. తర్వాత లంగరేసిన ఓడలన్నీ ఒక్కసారి దీపాలు వేసుకున్నాయి. జనం లేచిపోతున్నా అత్తగారు కదల్లేదు. "కాసేపు ఉందామే, అన్ని దీపాలే!" అన్నారు. మా ఆయన మారుమాట్లాడకుండా వెళ్ళి ఇంకో రెండు పొట్లాలు తెచ్చారు.